జీర్ణోద్ధరణ వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

చారిత్రక ప్రాధాన్యం గల ఇంటికి ఎవరైనా మార్పులు ప్రతిపాదించినప్పుడు, వాటి మంచిచెడ్డలను ఏ ప్రమాణాలతో నిర్ణయించాలో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. వారసత్వ సంపదను కాపాడుకోవడమంటే దానిని తాకకుండా ఉంచడం కాదనీ, అవసరమని తోచిన ప్రతి మార్పునూ అంగీకరించడమూ కాదనీ విద్యార్థులు గ్రహించాలి. ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠం

హైదరాబాదు మెట్రో రైలు మార్గంలో ఎల్.బి. నగర్, అమీర్‌పేటల నడుమ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల కళాశాలలకు వచ్చే విద్యార్థులు ఎందరో నిత్యం ఆ దారిన ప్రయాణిస్తారు. ఆ దారిలోని స్టేషన్ల పేర్లను శ్రద్ధగా వింటే మనకొక చరిత్ర వినబడుతుంది. ఎల్.బి. నగర్ దాటగానే వచ్చే విక్టోరియా మెమోరియల్ ఒక రాజగృహాన్ని గుర్తుచేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ తరువాత వచ్చే మూసారాంబాగ్ పేరులో, నిజాం కొలువులో సేనానిగా పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి దేశీయుడు రేమండ్ పేరు దాగి ఉన్నదంటారు. ఇంకా ముందుకు వెళితే ఎర్రమంజిల్ వస్తుంది. అదీ ఒక మహలు పేరే. ఇళ్ళు పేర్లుగా మిగలడం సులభం. ఇళ్ళుగా మిగలడమే కష్టం.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి ప్రాంతాలలో పెరిగిన వారికి ఇళ్ళు మారడం కొత్త కాదు. ముంగిట కొబ్బరిచెట్టు ఉన్న ఒంటి ఇల్లు అపార్టుమెంటు అవుతుంది. మేడ మీద మరో మేడ లేచి వసతిగృహం అవుతుంది. నగరం పెరిగేటప్పుడు ఇది సహజం. ప్రతి పాత ఇల్లూ చారిత్రక గృహం కాదు. అయితే కొన్ని ఇళ్ళు ఒక కుటుంబపు ఆస్తిగా మాత్రమే ఉండక, ఒక కాలానికీ, ఒక శిల్పరీతికీ, ఒక సంఘటనకూ సాక్షులై నిలుస్తాయి. అటువంటి ఇంటిని మార్చదలచినప్పుడు యజమాని ఇష్టం, గుత్తేదారు లెక్క మాత్రమే చాలవు. వివేచన కావాలి. మన పూర్వులు ఈ కార్యాన్ని జీర్ణోద్ధరణ అన్నారు. జీర్ణమైన దానిని పైకెత్తి నిలబెట్టడమని ఆ మాటకు అర్థం. పడగొట్టి మరొకటి కట్టడం ఆ మాటలో ఇమడదు.

ప్రాముఖ్యం దేనిలో ఉన్నది?

మార్పును పరీక్షించే వారు మొదట వేసుకోవలసిన ప్రశ్న మార్పును గురించినది కాదు, ఇంటిని గురించినది. ఈ ఇంటికి ప్రాముఖ్యం దేనివలన కలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా ఏ గోడను ఉంచాలో, ఏ గోడను మార్చవచ్చో చెప్పడం సాధ్యం కాదు.

మలక్‌పేట, మూసారాంబాగ్ సమీపంలో గుట్టమీద నిలిచిన ఆస్మాన్‌గఢ్ మహలును చూడండి. పాయిగా ప్రభువులలో ఒకడు, 1887లో నిజాం రాజ్యానికి దివాను అయిన సర్ ఆస్మాన్ జా దీనిని పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కట్టించాడు. ఐరోపా మధ్యయుగపు కోటను తలపించే రాతిగోడలు, బురుజులు, కమాను కిటికీలు దీని ప్రత్యేకత. కాలక్రమంలో ఈ మహలు ఒక పురావస్తు ప్రదర్శనశాలకూ, తరువాత విద్యాలయానికీ నెలవైంది. ఇక్కడ ప్రాముఖ్యం ప్రధానంగా రూపంలో ఉన్నది. గుట్ట, ఆ గుట్టమీది రాతికట్టడం, ఆకాశంలో కనబడే దాని అంచు ఇవన్నీ కలిస్తేనే ఆస్మాన్‌గఢ్. లోపలి గదిని తరగతి గదిగా వాడుకోవడం వలన దానికి పెద్దగా నష్టం లేదు. మహలు ముందు ఎత్తైన కట్టడం లేపి దానిని కనుమరుగు చేస్తే, ఒక్క రాయి కదలకపోయినా నష్టం జరిగినట్లే.

విక్టోరియా మెమోరియల్ హోం కథ వేరు. సరూర్‌నగర్‌లోని ఈ భవనం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడిలో రాజగృహంగా వెలసింది. 1901లో విక్టోరియా రాణి మరణానంతరం, ఆమె స్మారకంగా దీనిని అనాథ బాలబాలికలకు ఆశ్రయంగా ఇచ్చారు. ప్రభువుకోసం కట్టిన ఇల్లు తల్లిదండ్రులు లేని పిల్లల ఇల్లయింది. అప్పటినుండి తరతరాల పిల్లలు అక్కడ పెరిగి, చదువుకొని జీవితంలో స్థిరపడ్డారు. ఇక్కడ ప్రాముఖ్యం దేనిలో ఉన్నది? రాజు కట్టించిన గోడలలోనా? వందేళ్ళకు పైగా ఆ గోడల మధ్య సాగిన ఆశ్రయంలోనా? ‘దీనిని మొదటి రూపానికి తెచ్చి రాజగృహంగా ప్రదర్శిద్దాం, పిల్లలను మరొక చోటికి పంపుదాం’ అని ఎవరైనా ప్రతిపాదిస్తే, అది పైకి పరిరక్షణగా కనిపించినా చరిత్రలోని గొప్ప అధ్యాయాన్ని చెరిపివేయడమే అవుతుంది. ఆ ఇంటికి జరిగిన ఒక మార్పే దాని ప్రాముఖ్యానికి మూలం. గత దశాబ్దంలో ఈ ఆవరణ భూమిలో కొంత భాగాన్ని పోలీసు కమిషనరేటుకు కేటాయించాలన్న నిర్ణయం వివాదమై న్యాయస్థానం దాకా వెళ్ళింది. అప్పుడు గొంతెత్తిన వారిలో ఆ ఇంట పెరిగిన పూర్వవిద్యార్థులు ఉండడం గమనింపదగినది.

కవిత్రయం నేర్పిన పాఠం

రెండవ ప్రశ్న కొత్తగా చేర్చే భాగాన్ని గురించినది. పాత ఇంటికి కొత్త గది చేర్చవలసి వస్తే అది పాతదానిలాగా ఉండాలా? వేరుగా కనబడాలా?

ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్యంలో ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టు ఆరంభించిన భారతాంధ్రీకరణం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి చివరివరకు పూర్తిచేశాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషాన్ని పద్నాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. అతని ముందున్న పని అటు నన్నయకూ, ఇటు తిక్కనకూ నడుమ ఒక వారధి కట్టడం వంటిది. ఎఱ్ఱన నన్నయ ధోరణితో మొదలుపెట్టి క్రమంగా తిక్కన ధోరణికి చేరువయ్యాడని విమర్శకులు చెబుతారు. తాను రచించిన భాగాన్ని సైతం నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అయినా ఎక్కడ నన్నయ ఆగాడో, ఎక్కడ ఎఱ్ఱన ఆరంభించాడో లోకానికి తెలియకుండా పోలేదు. నన్నయ చివరి పద్యంగా శరద్రాత్రి వర్ణనను నేటికీ గుర్తుచేసుకుంటాము. పర్వాంతంలో ఎఱ్ఱన తాను చేసిన పనిని తెలియజేశాడు. ఒదిగి ఉండడం అతని వినయం. దాగి ఉండకపోవడం అతని నిజాయితీ.

1964లో వెనిస్ నగరంలో సమావేశమైన వాస్తుశిల్పులు, పరిరక్షణ నిపుణులు చారిత్రక కట్టడాల విషయంలో అంగీకరించిన సూత్రాలలో ఇటువంటి భావమే కనిపిస్తుంది. శిథిలమై పోయిన భాగం స్థానంలో చేర్చేది మొత్తంతో పొందికగా ఉండాలి, కాని అసలుది ఏదో కొత్తది ఏదో గుర్తించడానికి వీలుండాలి అని వారు నిర్ణయించారు. ఆధారం ముగిసి ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని కూడా నిర్దేశించారు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు శిథిలమైన చోట తనకు తోచిన పాఠాన్ని ఇరికించి అది కవి రచనేనని చెప్పడు. కుండలీకరణంలో ఉంచుతాడు, లేదా ఖాళీగా వదులుతాడు. ఇల్లు కూడా ఒక గ్రంథమే. దానిలో ప్రక్షిప్తాలు చేరకూడదు.

గోడ చెప్పే మాట

మూడవ ప్రశ్న పదార్థాన్ని గురించినది. మన పాత మహళ్ళు సిమెంటుతో కట్టినవి కావు. గానుగలో నూరిన డంగు సున్నంతో రాయినీ, ఇటుకనూ పేర్చారు. సున్నపు గోడ ఒకవిధంగా ఊపిరి పీలుస్తుంది. నేలనుండి ఎక్కిన తేమ, వానకు ఇంకిన నీరు దాని పొరలగుండా బయటికి పోతుంది. పెచ్చులూడిన సున్నపు గోడను చూసి ‘గట్టిగా ఉంటుంది’ అని సిమెంటు పూత వేయిస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల నిలిచిన నీరు ఇటుకను గుల్ల చేస్తుంది, ఉప్పు పేరుకొని పొరలు లేస్తాయి. కొన్నేళ్ళకు ఆ పూత ఊడినప్పుడు దానితోపాటు పాత ఇటుక ముఖం కూడా ఊడిపడుతుంది. సదుద్దేశంతో చేసిన మరమ్మతే గోడకు వ్యాధి అవుతుంది. కనుక బలమైన పదార్థం అని కాక, పాత పదార్థానికి పొసగే పదార్థం అని ఆలోచించాలి.

మరమ్మతును వాయిదా వేయడమూ ప్రమాదమే. ఆస్మాన్‌గఢ్ సమీపంలోని రేమండ్ సమాధి చెంత ఉన్న మండపం 2001లో వర్షాలకు కూలిపోయింది. తరువాత దానిని తిరిగి నిలబెట్టారు. చేయకూడని మార్పు వలన ఎంత నష్టమో, చేయవలసిన పని చేయకపోవడం వలన అంత నష్టం. పైకప్పు మీద మొలచిన రావిమొక్కను ఆ ఏడే పీకివేస్తే పోయేదానికి, వేళ్ళు గోడను చీల్చిన తరువాత లక్షలు కావాలి.

మార్పు మరలగలదా?

నాలుగవ ప్రశ్న భవిష్యత్తును గురించినది. మనం చేసే మార్పు తప్పని రేపటివారికి తోస్తే, వారు దానిని తీసివేయగలరా? గోడకు ఆనించి వేసిన ఇనుప మెట్లను విప్పవచ్చు. తొలిచిన రాతిగోడను పూర్వం వలె చేయలేము. కొయ్య కిటికీ ముందు దోమతెర బిగించవచ్చు. కిటికీనే తీసి అమ్మివేస్తే అది తిరిగి రాదు. రెండు మార్గాలలో ఒకే అవసరం తీరేటప్పుడు, మరలగలిగే మార్గాన్నే ఎన్నుకోవాలి.

కూల్చివేత ఎన్నటికీ మరలని మార్పు. అందువలన దానిని ప్రతిపాదించేవారిపై అందరికన్నా ఎక్కువ నిరూపణ భారం ఉంటుంది. ఎర్రమంజిల్ ఉదంతం దీనికి నిదర్శనం. నవాబు ఫక్రుల్ ముల్క్ సుమారు 1870 ప్రాంతంలో గుట్టమీద కట్టించిన ఈ మహలు తరువాతి కాలంలో ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైంది. 2019 జూన్ 18న తెలంగాణ రాష్ట్ర మంత్రివర్గం ఆ స్థలంలో కొత్త శాసనసభా భవనం నిర్మించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తూ పౌరులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

ఇందులోని న్యాయచర్చ తెలుసుకోదగినది. హైదరాబాదు నగరాభివృద్ధి నిబంధనలలో 1995లో చేరిన 13వ నిబంధన, జాబితాలో చేర్చిన వారసత్వ కట్టడాలను అనుమతి లేకుండా మార్చరాదనీ, కూల్చరాదనీ చెప్పింది. ఇందుకు సలహా ఇవ్వడానికి ఒక వారసత్వ పరిరక్షణ సంఘం ఉండేది. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నిబంధన తొలగింది కనుక ఎర్రమంజిల్‌కు రక్షణ లేదన్న వాదం న్యాయస్థానంలో నిలువలేదు. చట్టప్రకారం పొందవలసిన అనుమతి పొందకుండా, పరిశీలించవలసిన అంశాలు పరిశీలించకుండా చేసిన నిర్ణయమని భావించి, 2019 సెప్టెంబరు 16న ఉన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఇంటికి ఎంత ప్రాముఖ్యం ఉన్నదో, ఆ ఇంటిని గురించి నిర్ణయించే పద్ధతికి అంత ప్రాముఖ్యం ఉన్నదని ఈ తీర్పు మనకు తెలుపుతున్నది.

ఒక అభ్యాసం

ఇప్పటివరకు చెప్పుకొన్న ప్రశ్నలతో ఒక ఊహాత్మక సమస్యను పరిశీలిద్దాం. వసతిగృహంగా మారిన ఒక పాత మహలు ఉన్నది. అందులో రెండు వందలమంది పిల్లలు ఉంటున్నారు. నిర్వాహకులు నాలుగు మార్పులు కోరుతున్నారు: అగ్నిప్రమాద సమయంలో దిగడానికి వెనుకవైపు ఇనుప మెట్లు, నడవలేని పిల్లలకోసం గుమ్మం వద్ద వాలుబాట, కొయ్య కిటికీల స్థానంలో అల్యూమినియం కిటికీలు, మహలు ముందరి తోటలో, దాని కమానులనే అనుకరిస్తూ మూడంతస్తుల పడకగదుల భవనం.

మొదటిది ఆమోదయోగ్యం. పిల్లల ప్రాణరక్షణకు మించిన అవసరం లేదు. మెట్లు వెనుకవైపున ఉన్నాయి, విప్పదగినవి, కొత్తవని చూడగానే తెలుస్తాయి. రెండవదీ ఆమోదయోగ్యమే. కాని పాత రాతిమెట్లను పగులగొట్టకుండా, వాటి పక్కనో పైనో తొలగించగల బాటగా నిర్మించాలని షరతు పెట్టాలి. మూడవది అంగీకరించరాదు. కిటికీ తలుపులు సరిగా పడకపోవడం మరమ్మతుతో తీరే సమస్య. చివికిన కొయ్యముక్కను మాత్రం తీసి అదే జాతి కొయ్యను అతికే వడ్రంగులు మనకున్నారు.

నాలుగవదే జటిలమైనది. పిల్లలకు పడకగదులు నిజంగా కావాలి. ఆ అవసరాన్ని కొట్టిపారేయడం పరిరక్షణ కాదు, నిర్దయ. అయితే ఆ భవనం తోటలోనే, మహలును కప్పివేస్తూ రావలసిన పని లేదు. ఆవరణలో వెనుకవైపు, మహలు ఎత్తుకు మించకుండా, దాని కమానులను అనుకరించని సాదా కట్టడంగా రావచ్చు. అప్పుడు పిల్లలకు వసతి దొరుకుతుంది, మహలు ముఖం నిలుస్తుంది. ‘అవును’, ‘కాదు’ అనే రెండు సమాధానాల మధ్య ‘ఇక్కడ కాదు, అక్కడ’ అనే మూడవ సమాధానం తరచుగా ఉంటుంది. దానిని వెదకడమే మూల్యాంకనం.

యజమాని కష్టం

చారిత్రక గృహాలన్నీ ప్రభుత్వానివి కావు. తాతలనాటి ఇంట్లో నివసిస్తూ, దాని పైకప్పు మరమ్మతుకు డబ్బు లేక కుమిలే కుటుంబాలు ఉన్నాయి. ‘మార్చవద్దు’ అని నిబంధన పెట్టి, సహాయం చేయకపోతే ఆ ఇల్లు వానకు కూలుతుంది. నిబంధన గెలిచినట్లు, ఇల్లు ఓడినట్లు అవుతుంది. పాత ఇంటికి తగిన కొత్త ఉపయోగం కల్పించడం ఒక మార్గం. సరోజినీ నాయుడు పుట్టినింటివారి నివాసమైన ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి నెలవైంది. ఇంట మనుషులు తిరుగుతూ ఉంటే కారుతున్న కప్పు ఆ రోజే కంటబడుతుంది. తాళం వేసిన ఇంటిలో అది కూలినప్పుడే తెలుస్తుంది.

ముగింపు

మన ప్రాచీన దానశాసనాల చివర ఒక భావం తరచుగా కనిపిస్తుంది. తాను ఇచ్చిన దానికన్నా, పూర్వులిచ్చిన దానిని కాపాడడం రెట్టింపు పుణ్యమని. ఆ శాసనకర్తలు అనుభవజ్ఞులు. కొత్తది కట్టి పేరు వేయించుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుందనీ, ఇతరులు కట్టినదానికి సున్నం వేయించే ఓర్పు కొందరికే ఉంటుందనీ వారికి తెలుసు. విద్యార్థులారా! మీ వీధిలో, మీ ఊరిలో ఒక పాత ఇంటికి మార్పు తలపెట్టినట్లు తెలిసిననాడు కోపంతోనో, ఉదాసీనతతోనో చూడక, పాఠంలో నేర్చిన నాలుగు ప్రశ్నలు అడగండి. ప్రాముఖ్యం దేనిలో ఉన్నది? కొత్తది ఒదిగి, అయినా దాగకుండా ఉన్నదా? పదార్థం పొసగుతుందా? మార్పు మరలగలదా? ఇంకా వీలైతే ఆ ఇంటి ఛాయాచిత్రాలు తీసి, కొలతలు రాసి, అక్కడి పెద్దల మాటలు నమోదు చేయండి. ఇల్లు నిలిచినా, మారినా ఆ పుటలు తరువాతి వారికి పనికివస్తాయి.

కఠిన పదాలు - అర్థాలు

జీర్ణోద్ధరణ = పాడైనదానిని బాగుచేయడం
దృష్టాంతం = ఉదాహరణ
వారధి = వంతెన
ప్రక్షిప్తం = మూలగ్రంథంలో ఇతరులు చేర్చిన భాగం
నెలవు = చోటు, స్థానం
ఉదంతం = వృత్తాంతం
జటిలం = చిక్కైనది
ఉదాసీనత = పట్టించుకోకపోవడం
మూల్యాంకనం = విలువ కట్టడం

అభ్యాసాలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చారిత్రక గృహానికి ప్రతిపాదించిన మార్పులను పరీక్షించే నాలుగు ప్రశ్నలను సోదాహరణంగా వివరించండి.
2. ఎఱ్ఱన అరణ్యపర్వశేష రచనకూ, పాత ఇంటికి కొత్త భాగం చేర్చడానికీ గల పోలికను చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ఆస్మాన్‌గఢ్, విక్టోరియా మెమోరియల్ హోంల ప్రాముఖ్యంలో గల భేదం తెలపండి.
2. సున్నపు గోడకు సిమెంటు పూత ఎందుకు హానికరం?
3. ఎర్రమంజిల్ విషయంలో ఉన్నత న్యాయస్థానం తీర్పును వివరించండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఒదిగి ఉండడం అతని వినయం. దాగి ఉండకపోవడం అతని నిజాయితీ.”
2. “నిబంధన గెలిచినట్లు, ఇల్లు ఓడినట్లు అవుతుంది.”

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఆస్మాన్‌గఢ్ మహలును కట్టించినది ఎవరు?
2. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి నెలవైన గృహం ఏది?

V. సంధులు
జీర్ణోద్ధరణ = జీర్ణ + ఉద్ధరణ - గుణసంధి
మరణానంతరం = మరణ + అనంతరం - సవర్ణదీర్ఘసంధి
ఉత్తరార్ధం = ఉత్తర + అర్ధం - సవర్ణదీర్ఘసంధి

VI. సమాసాలు
బాలబాలికలు - బాలురును, బాలికలును - ద్వంద్వ సమాసం
వారసత్వ సంపద - వారసత్వమనెడి సంపద - రూపక సమాసం
నాలుగు ప్రశ్నలు - నాలుగు సంఖ్య గల ప్రశ్నలు - ద్విగు సమాసం
నగరాభివృద్ధి - నగరము యొక్క అభివృద్ధి - షష్ఠీ తత్పురుష సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ నివాసప్రాంతంలోని ఒక పాత ఇంటిని దర్శించి, దాని నిర్మాణం, దానికి జరిగిన మార్పులు, వాటిలో మరలగలిగేవి, మరలలేనివి వేరుచేసి రెండు పుటల నివేదిక రాయండి. ఇంటివారి అనుమతి తప్పక తీసుకోండి.